హీబ్రూ కవితా లక్షణము: బైబిలును సాహిత్యముగా పఠించిన చరిత్ర

వేదము ప్రభుసమ్మితమనియు, పురాణేతిహాసములు సుహృత్సమ్మితములనియు, కావ్యము కాంతాసమ్మితమనియు మన ఆలంకారికులు వాఙ్మయమును మూడు తెగలుగా విభజించిరి. ప్రభువు ఆజ్ఞాపించును, మిత్రుడు హితము చెప్పును, కాంత సరసముగా ఒప్పించును. ఒక గ్రంథమును ఏ తెగకు చేర్చి పఠింపవలెనను ప్రశ్న పైకి కేవల వర్గీకరణ సమస్యగా కనిపించును. కాని ఆ గ్రంథమును దైవవాక్యముగా నమ్మిన జాతులకు అది చిన్న ప్రశ్న కాదు. యూదులకును క్రైస్తవులకును పూజ్యమైన బైబిలు అనేక శతాబ్దులు ప్రభుసమ్మితముగానే పఠింపబడెను. దానిని కావ్యముగా పఠింపవచ్చునా, పఠించినచో కలుగు లాభమేమి, నష్టమేమి అను వివాదము పాశ్చాత్య విద్యాలోకమున రెండున్నర శతాబ్దులకు పైగా నడచుచున్నది. ఆ వివాదచరిత్రను, విశేషించి హీబ్రూ కవిత్వ లక్షణమును కనుగొనిన చరిత్రను, ఈ వ్యాసమున స్థూలముగా నిరూపింపదలచితిమి. ఒక గ్రంథముయొక్క రూపమును ఎరుగక దాని అర్థమును పూర్తిగా ఎరుగుట సాధ్యము కాదనుట మా ప్రతిపాదన.

మొదట గ్రంథస్వరూపమును గూర్చి ఒక మాట. బైబిలు అను పేరు గ్రీకు భాషలో 'గ్రంథములు' అను బహువచనమునుండి వచ్చినది. పేరునకు తగినట్లే అది ఒక గ్రంథము కాదు, గ్రంథసముదాయము. యూదుల భాగము హీబ్రూ భాషలోను, స్వల్పముగా అరామిక భాషలోను ఉన్నది. అది అనేక శతాబ్దుల కాలమున రూపొందినది. క్రైస్తవులు దానికి గ్రీకు భాషలోని 27 గ్రంథములను చేర్చి నూతన నిబంధన అనిరి. ఇందు వంశావళులున్నవి, శాసనములున్నవి, కథలున్నవి, స్తోత్రములున్నవి, సామెతలున్నవి, ప్రణయగీతములున్నవి, నగరము కూలగా ఏడ్చిన విలాపములున్నవి, లేఖలున్నవి. రచనాశిల్పమునందు బుద్ధిపూర్వకమైన శ్రద్ధయు ఇందు కలదు. హీబ్రూ వర్ణమాలలో అక్షరములు 22. విలాపవాక్యములలోని మొదటి, రెండవ, నాలుగవ అధ్యాయములందు 22 వచనములు వరుసగా ఆ 22 అక్షరములతో ప్రారంభమగును. 119వ కీర్తనలో ఒక్కొక్క అక్షరమునకు ఎనిమిదేసి వచనముల చొప్పున మొత్తము 176 వచనములు కలవు. ఇట్టి కూర్పు యాదృచ్ఛికముగా ఏర్పడునది కాదు.

అయినచో ఈ కవిత్వమునకు ఛందస్సు ఏది? ఈ ప్రశ్న ప్రాచీనమైనది. క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన యూదు చరిత్రకారుడు జొసీఫస్ గ్రీకు పాఠకులకు తన జాతి వాఙ్మయమును పరిచయము చేయుచు, మోషే పాడిన గీతము హోమరు వాడిన షట్పాద ఛందస్సులో ఉన్నదని వ్రాసెను. నాలుగవ శతాబ్ది చివర బైబిలును లాటిను భాషలోనికి పరివర్తించిన జెరోము యోబు గ్రంథమును గూర్చి ఇట్టి అభిప్రాయమునే వెలిబుచ్చెను. ఇరువురును గ్రీకు, లాటిను కావ్యముల కొలతబద్దతో హీబ్రూ పాదములను కొలువజూచిరి. గురులఘువుల లెక్క తెలిసిన వారికి అది లేని కవిత్వము కవిత్వమేనా అను శంక కలుగుట సహజమే. యతిప్రాసలకు అలవాటుపడిన తెలుగు పాఠకుడు ఈ శంకను సులభముగా అర్థము చేసికొనగలడు. కాని ఆ లెక్క హీబ్రూ పాదములకు ఎన్నడును సరిగా కుదురలేదు.

ఇది వచనము వంటిది కాదని మాత్రము ఆ గ్రంథములను భద్రపరచిన లేఖకులు ఎరుగుదురు. నిర్గమకాండములో సముద్రమును దాటిన పిమ్మట పాడిన గీతమును వారు ఇటుకలు పేర్చినట్లు ఖాళీలు విడిచి వ్రాసెడివారు. కీర్తనలు, సామెతలు, యోబు అను మూడు గ్రంథములకు పఠనస్వర చిహ్నములు ప్రత్యేకముగా ఏర్పడినవి. 1947 మొదలు మృతసముద్ర తీరమున కుమ్రాను గుహలలో దొరకిన ప్రతులలో కొన్నిటియందును పాదవిభాగము కనబడుచున్నది. మధ్యయుగపు యూదు వ్యాఖ్యాతలగు ఇబ్న్ ఎజ్రా, దావీదు కిమ్హీ మొదలగువారు ఒకే భావమును వేర్వేరు మాటలతో రెండుమారులు చెప్పుట ప్రవక్తల వాక్కులందు పరిపాటి యని గుర్తించిరి. 16వ శతాబ్దిలో ఇటలీదేశపు యూదు పండితుడు అజరియా దె రోస్సీ ఈ కవిత్వమున లెక్కింపవలసినది అక్షరములను కాదు, భావఖండములను అని సూచించెను. అనగా విషయము కొంతవరకు తెలిసినదే; దానికి శాస్త్రరూపము మాత్రము ఏర్పడలేదు.

ఆ రూపమును ఇచ్చినవాడు ఆంగ్లేయుడైన రాబర్ట్ లౌత్ (1710-1787). ఇతడు 1741 మొదలు 1750 వరకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కవితాచార్యుడుగా నుండి, హీబ్రూల పవిత్ర కవిత్వమును గూర్చి లాటిను భాషలో 34 ఉపన్యాసములిచ్చెను. అవి 1753లో గ్రంథరూపమున వెలువడెను. ఇచట ఒక విశేషమును గమనింపవలెను. లౌత్ ఆ పీఠమున వేదాంతాచార్యుడు కాడు, కవిత్వమును బోధించువాడు. హోమరును, వర్జిలును పరీక్షించిన కన్నులతోనే యెషయాను, యోబును పరీక్షించెను. అట్లని అతడు నాస్తికుడును కాడు. తరువాతి కాలమున, 1777లో, లండను నగరమునకు బిషప్పు ఆయెను. బైబిలును సాహిత్యముగా పఠించుట అవిశ్వాసమునుండి పుట్టినదను వాదము చరిత్రకు సరిపడదనుటకు లౌత్ ఒక్కడే చాలును.

లౌత్ సిద్ధాంతమును మేము పాదసమాంతరత అని వ్యవహరింతుము. హీబ్రూ పద్యమునకు ఆధారము రెండు పాదముల జంట. ఒకప్పుడు మూడు పాదములును ఉండును. మొదటి పాదమున చెప్పిన దానికి రెండవ పాదము జవాబు పలుకును. ఈ సంబంధమును లౌత్ మూడు విధములుగా విభజించెను. రెండవ పాదము అదే భావమును మాటలు మార్చి చెప్పిన సమానార్థకము. విరుద్ధ భావమును ఎదుట నిలిపిన వ్యతిరేకార్థకము. భావమును కొనసాగించి పూర్తిచేసిన సంయోజకము. 19వ కీర్తన ఆరంభమును చూచినచో, మొదటి పాదమున కర్త ఆకాశము, రెండవ పాదమున దానికే మరియొక పేరు. క్రియ మారినది, అర్థము దగ్గరిదే. మొదటి పాదమున కర్మ దేవుని మహిమ, రెండవ పాదమున ఆయన చేతిపని. సామెతల గ్రంథమున తెలివిగల కుమారుని ఎదుట తెలివిలేని కుమారుని, తండ్రి సంతోషమునకు ఎదురుగా తల్లి దుఃఖమును నిలుపుట రెండవ విధమునకు ఉదాహరణము.

మన అలంకారశాస్త్రమున దీనికి సరిపోవు భావన లేకపోలేదు. దండి కావ్యాదర్శమున ఆవృత్తి అను అలంకారమును చెప్పి, దానిని అర్థావృత్తి, పదావృత్తి, ఉభయావృత్తి అని మూడు విధములుగా విభజించెను. వేర్వేరు పదములతో ఒకే అర్థము మరల వచ్చుట అర్థావృత్తి. లౌత్ చెప్పిన సమానార్థక సమాంతరత దీనికి మిక్కిలి సన్నిహితము. కాని భేదము గమనింపదగినది. దండికి ఆవృత్తి అలంకారము. అది లేకున్నను పద్యము పద్యమే, ఏలయన ఛందస్సు దానిని నిలుపుచున్నది. హీబ్రూ కవికి అర్థముయొక్క ఆవృత్తియే పద్యమును నిలుపు స్తంభము. మనకు శబ్దమునందున్న లయ వారికి ముఖ్యముగా భావమునందున్నది.

ఈ ఒక్క సూత్రమునుండి పెక్కు ఫలితములు కలిగెను. మొదటిది, ప్రవక్తలు కవులని తేలుట. అంతవరకు యెషయా మొదలగువారి వాక్కులు వచనముగానే ముద్రింపబడుచుండెను. 1611 నాటి ప్రసిద్ధమైన ఆంగ్లానువాదమున ప్రతి వాక్యమును విడివిడి పేరాగా నిలువుటవలన కవిత్వమునకును కథకును భేదము కంటికి కనబడకుండెను. లౌత్ 1778లో యెషయా గ్రంథమును పాదవిభాగముతో ఆంగ్లమున ప్రకటించెను. 1885 నాటి సవరించిన ఆంగ్లానువాదమున కీర్తనలు, యోబు పాదములుగా ముద్రింపబడెను. 1952లో వెలువడిన అమెరికా అనువాదమున ప్రవక్తల వాక్కులును అట్లే ముద్రితములయ్యెను. ముద్రణమునందలి ఈ చిన్న మార్పు పాఠకుని దృష్టిని ఎంత మార్చునో పద్యమును వచనముగా కలిపి అచ్చువేసిన ప్రతిని చదివిన వారికి తెలియును.

రెండవ ఫలితము అనువాదమునకు సంబంధించినది. శబ్దలయపై ఆధారపడిన కవిత్వము భాష మారగానే చాలవరకు నశించును. భావలయపై ఆధారపడిన కవిత్వము అంతగా నశింపదు. మన తెలుగునకు ఈ విషయముతో ప్రత్యక్ష సంబంధము కలదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అను లండను మిషనరీలు తెలుగున బైబిలు అనువాదమునకు పూనుకొనిరి; ఆనందరాయరు అను పండితుడు వారికి తోడ్పడెను. వారి తరువాత అనేకులు ఆ పనిని కొనసాగించిరి. నేడు వాడుకలోనున్న తెలుగు బైబిలున కీర్తనలు ఛందోబద్ధములు కావు, యతిప్రాసలు లేవు. అయినను అవి తెలుగువారి ప్రార్థనలలో గీతములవలె నిలిచినవి. దీనికి భక్తి ఒక కారణమైనను, జంటపాదముల అమరిక వచనమునందును చెడక నిలుచుట మరియొక కారణమని మా అభిప్రాయము. అదే వస్తువును తెలుగు కవి స్వతంత్రముగా స్వీకరించినప్పుడు మార్గము వేరైనది. గుఱ్ఱం జాషువ రచించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన క్రీస్తు చరిత్ర పద్యకావ్యము. అనువాదము హీబ్రూ లయను నిలిపినది. కావ్యము తెలుగు లయను ఆశ్రయించినది.

మూడవ ఫలితము అర్థనిర్ణయమునకు సంబంధించినది, అన్నిటికంటె చిక్కైనది. జెకర్యా గ్రంథమున, రానున్న రాజు వినయముతో గాడిదపై ఎక్కి వచ్చునను పద్యము కలదు. మొదటి పాదమున గాడిద యనియు, రెండవ పాదమున గాడిద పిల్ల యనియు ఉన్నది. సమాంతరత తెలిసిన పాఠకునకు ఇవి రెండు జంతువులు కావు. ఒకే జంతువునకు రెండు పాదములలో రెండు పేర్లు. యేసు యెరూషలేము ప్రవేశమును వర్ణించుచు మార్కు, లూకా, యోహాను ఒకే జంతువును చెప్పిరి. మత్తయి మాత్రము గాడిదను, దాని పిల్లను, రెంటిని తెప్పించినట్లు వ్రాసెను. ప్రవచనము అక్షరాక్షరము నెరవేరెనని చూపు తలంపుతో మత్తయి జంటపాదములను రెండు విషయములుగా గ్రహించెనని పలువురు విద్వాంసులు చెప్పుదురు. యూదు గ్రంథములందు అంత పరిచయముగల రచయిత పద్యలక్షణమును ఎరుగక కాదు, ఎరిగియే అట్లు వ్రాసెనని మరికొందరందురు. ఏ పక్షము నిజమైనను, ఒక పద్యలక్షణము ఒక కథయొక్క స్వరూపమునే నిర్ణయింపగలదని ఈ ఉదాహరణము చాటుచున్నది. రూపవిచారము పైపై మెఱుగు కాదు.

లౌత్ గ్రంథము వెలువడిన 1753లోనే మరియొక పుస్తకము రచయిత పేరు లేకయే బయలుదేరెను. దాని కర్త ఫ్రాన్సు దేశపు వైద్యుడు జ్యాఁ ఆస్ట్రూక్. ఆదికాండమున దేవునికి కొన్ని చోట్ల ఒక పేరు, కొన్ని చోట్ల మరియొక పేరు వాడబడుటను గమనించి, మోషే పూర్వపు వ్రాతలను ఆధారముగా గ్రహించి గ్రంథమును కూర్చెనని అతడు ఊహించెను. ఈ విధముగా ఒకే సంవత్సరమున రెండు మార్గములు తెరువబడెను. ఒకటి ఉన్న గ్రంథము ఎట్లు నిర్మింపబడినదో చూచునది. రెండవది ఆ గ్రంథము ఏ పొరలనుండి ఏర్పడినదో త్రవ్వి చూచునది. 19వ శతాబ్దిలో రెండవ మార్గమే బలపడెను. జర్మను పండితుడు యూలియస్ వెల్‌హౌజెన్ 1878లో ప్రకటించిన గ్రంథముతో మోషే పంచకాండములను నాలుగు మూలములుగా విడదీయు సిద్ధాంతము సుప్రతిష్ఠితమాయెను. సాహిత్య విమర్శ అను మాటకే ఆనాటి బైబిలు పండితులలో మూలవిభజన మను అర్థము రూఢమాయెను.

మూలాన్వేషణము నిరుపయోగమని మేము చెప్పము. భారతమున ప్రక్షిప్తములను విచారించిన మన పండితులకు దాని విలువ తెలియును. కాని పొరలను లెక్కించు శ్రద్ధలో ఇంటిని చూచుట మరచిన ప్రమాదము అచట జరిగినది. 20వ శతాబ్ది ఆరంభమున హెర్మన్ గుంకెల్ ఈ లోపమును కొంత సవరించెను. 1901 నాటి తన ఆదికాండ వ్యాఖ్యానమున అతడు వ్రాతకు పూర్వమున్న మౌఖిక కథాసంప్రదాయమును గూర్చి ప్రశ్నించెను. ఏ గీతము ఏ సందర్భమున పాడబడినది, ఏ కథ ఏ సమాజమున చెప్పబడినది అను విచారము అతనితో ప్రబలెను. 1928లో సిరియా తీరమున రస్ షమ్రా వద్ద ఒక రైతునకు ప్రాచీన సమాధి కనబడగా, మరుసటి సంవత్సరము త్రవ్వకములు ప్రారంభమై ఉగరిత్ నగరము బయటపడెను. క్రీ.పూ. 14, 13 శతాబ్దులకు చెందిన అచటి మట్టిపలకలపై బాలు దేవుని కథలు జంటపాదములతోనే వ్రాయబడియున్నవి. ఒక పాదమున ఈ పదము వచ్చినచో రెండవ పాదమున ఆ పదము రావలెనను జతల సంప్రదాయము ఉగరిత్ కవులకును హీబ్రూ కవులకును సమానము. లౌత్ ఎరుగని ఆధారము అతని సూత్రమును బలపరచినది. హీబ్రూ ప్రవక్త తాను నిరసించిన బాలు భక్తుల కవితాసంప్రదాయమునకే వారసుడని కూడ తేలినది.

పద్యములకు లౌత్ చేసిన పనిని కథలకు చేసినవారు తరువాత వచ్చిరి. వారిలో ఎరిక్ ఆవర్‌బాఖ్ ముఖ్యుడు. జర్మనీలో యూదుడగుటచే 1935లో ఆచార్యపదవిని కోల్పోయి, ఇస్తాంబూలున ఆశ్రయము పొంది, యుద్ధకాలమున 1942-45 సంవత్సరముల మధ్య వ్రాసిన మిమెసిస్ అను అతని గ్రంథము 1946లో బెర్న్ నగరమున ప్రకటితమాయెను. దాని మొదటి అధ్యాయమున అతడు హోమరు చెప్పిన ఒడిస్యూసు మచ్చ కథను, ఆదికాండములోని అబ్రాహాము బలి కథను ప్రక్కప్రక్కన నిలిపెను. హోమరు సర్వమును వెలుగులోనికి తెచ్చును. మచ్చ ఎట్లు కలిగినదో, ఎచట కలిగినదో తీరికగా చెప్పును. బైబిలు కథకుడు కుమారుని బలి ఇయ్యుమను ఆజ్ఞను చెప్పి, మూడు దినముల ప్రయాణమును ఒక్క మాటలో దాటించును. తండ్రి మనస్సులో ఏమున్నదో చెప్పడు. ఇస్సాకు రూపమును వర్ణింపడు. చెప్పని దానియందే కథాభారమంతయు నిలిచియుండును. మన ధ్వనివాదులకు ఈ మాట కొత్త కాదు.

కథల నిర్మాణమును 1981లో మరింత సూక్ష్మముగా నిరూపించినవాడు రాబర్ట్ ఆల్టర్. ఆదికాండమున 37వ అధ్యాయము యోసేపును అన్నలు అమ్మివేసిన కథ. 39వ అధ్యాయము ఐగుప్తులో యోసేపు కథ. నడుమ 38వ అధ్యాయమున యూదా, తామారుల కథ వచ్చును. అది సంబంధము లేక ఇరికింపబడినదని పలువురు మూలవిమర్శకులు తలంచిరి. కాని పరీక్షించి చూడుడు. అన్నలు యోసేపు అంగీని మేకరక్తమున ముంచి, దీనిని గుర్తింపుమని తండ్రి వద్దకు పంపిరి. తండ్రి గుర్తించి మోసపోయెను. తరువాతి అధ్యాయమున యూదా మేకపిల్లను పంపుదునని మాట ఇచ్చి, ముద్రను, దారమును, కఱ్ఱను కుదువపెట్టెను. తామారు వాటిని పంపి, వీటిని గుర్తింపుమనెను. యూదా గుర్తించి తన తప్పును ఒప్పుకొనెను. రెండు చోట్లను హీబ్రూ క్రియ ఒక్కటే. మోసము చేసినవాడు అదే సాధనముతో మోసపోయెను. ఆ యూదాయే తరువాత 44వ అధ్యాయమున తమ్ముడు బెన్యామీనుకు మారుగా తాను దాసుడనగుదునని ముందుకు వచ్చును. నడుమ కథ లేనిచో ఆ మనిషి మారిన తీరు మనకు అర్థము కాదు. ఇందు మరియొక విశేషము కలదు. బెరేషిత్ రబ్బా అను ప్రాచీన యూదు వ్యాఖ్యానము ఈ మేకను, ఈ గుర్తింపును అప్పుడే జతపరచి చూపినది. భక్తితో ప్రతి పదమును తూచిన వ్యాఖ్యాత కనుగొనిన దానినే శిల్పమును వెదకిన విమర్శకుడు మరల కనుగొనెను.

లౌత్ సూత్రమును కూడ ఈ కాలమున సంస్కరించిరి. 1981లోనే జేమ్స్ క్యూగెల్, రెండవ పాదము మొదటి దానికి ప్రతిధ్వని మాత్రమే కాదు, మొదటిదానిని ముందుకు నెట్టి బలపరచునది యని వాదించెను. కీర్తనకారుడు ఒకే మాటను రెండుమారులు చెప్పుటలేదు; అంతేకాదు, ఇంకను అని చెప్పుచున్నాడు. సమానార్థకమను పేరుతో రెండవ పాదమును ఉపేక్షించిన పాఠకునకు ఇది హెచ్చరిక.

ఇక ఆక్షేపణమును విచారింతము. 1935లో టి. ఎస్. ఎలియట్, బైబిలును కేవలము సాహిత్యముగా ఆస్వాదించు వారిని తీవ్రముగా నిరసించెను. ఆంగ్ల సాహిత్యముపై బైబిలునకు ప్రభావము కలుగుటకు కారణము అది సాహిత్యమని తలంపబడుట కాదు, దేవుని వాక్యమని నమ్మబడుటయే యని అతని వాదము. ఈ వాదమున సత్యము కలదు. ఇంపైన శైలి కొరకు మాత్రమే ప్రవక్తను చదువువాడు ప్రవక్త పలికిన దానిని విననట్లే. కాని ఈ ఆక్షేపణము రసాస్వాదన మాత్రమే సాహిత్యపఠనమని తలంచిన వారికి తగులును. రూపమును శ్రద్ధతో పరీక్షించిన వారికి తగులదు. ఆవర్‌బాఖ్ తన పరీక్షను ముగించుచు చేరిన నిర్ణయమును చూడుడు. హోమరు కథ మనలను కొంతసేపు మరపించుటతో తృప్తిపడును. బైబిలు కథ తానొక్కటియే సత్యమని పట్టుపట్టి, శ్రోతనుండి విధేయతను కోరును. ఈ మాటను వేదాంతి చెప్పలేదు. కథ చెప్పిన తీరును తూచిన సాహిత్య విమర్శకుడు చెప్పెను. కాంతాసమ్మితముగా చదువ మొదలిడినవాడు దానియందలి ప్రభుస్వరమును విని నిలిచిపోయెను.

కావున సాహిత్యపఠనము విశ్వాసమునకు ప్రత్యామ్నాయము కాదు, శత్రువును కాదు. గ్రంథము చెప్పునది సత్యమా యను ప్రశ్నకు అది జవాబీయజాలదు. గ్రంథము చెప్పునది ఏది యను ప్రశ్నకు మాత్రము అది లేక జవాబు దొరకదు. గాడిదలు ఒకటియా రెండా, తామారు కథ ఇరికింపబడినదా అల్లబడినదా, రెండవ పాదము పునరుక్తియా పురోగతియా అను ప్రశ్నలకు విశ్వాసియు, అవిశ్వాసియు ఒకే పుటను చూచి, ఒకే ఆధారములతో సమాధానము వెదకవలసియున్నది. అట్టి సమానభూమిని ఏర్పరచుటయే ఈ అధ్యయనముయొక్క ప్రధాన ప్రయోజనమని మేము తలంచుచున్నాము. వేదోపనిషత్తులును, పురాణములును, కావ్యములును ఒకే పండితుని చేతిలో నిలిచిన మన దేశమున ఇట్టి పఠనము పరాయిది కాదు. తెలుగు విద్యార్థులు తెలుగు బైబిలును ఈ దృష్టితో పరీక్షించినచో, హీబ్రూ పాదముల లయ మన వచనమున ఎచట నిలిచినదో, ఎచట జారిపోయినదో నిర్ణయింపగలరు. ఆ పరిశోధనకు కావలసిన సామగ్రి అంతయు వారి చేతులలోనే ఉన్నది.